తొడిమ తెగినా శ్వాస ఆగదు

ఏప్రిల్ చివర్లో నూజివీడు నుంచి రాత్రిపూట బయల్దేరిన మామిడి లారీలో పైవరుస కాయలు తెల్లారేసరికి చల్లబడతాయి. లోడు మధ్యలోకి చెయ్యి దూర్చి చూస్తే మాత్రం అక్కడి కాయలు వెచ్చగానే ఉంటాయి. ఒక్కోసారి ఎక్కించినప్పటికంటే కాస్త ఎక్కువ వెచ్చగా కూడా. వాటికి ఎండ తగల్లేదు. ఇంజను వేడి అంత లోపలికి చేరలేదు. ఆ వేడిని కాయలే పుట్టించాయి.

కోసిన కాయను మనం సరుకుగా లెక్కేస్తాం. తూకం వేస్తాం, బేరమాడతాం, పెట్టెల్లో సర్దుతాం. కానీ తొడిమ తెగినంత మాత్రాన కాయ చచ్చిపోదు. వేరు నుంచి నీళ్లు రావు, ఆకు నుంచి చక్కెర రాదు, అంతే తేడా. లోపలి కణాలు నిన్నటిలాగే పనిచేస్తుంటాయి. ఆ పనికి కావలసిన శక్తిని ఇకమీదట సొంత నిల్వలోంచే తీసుకుంటాయి. ఎంత వేగంగా తీసుకుంటాయన్న దాన్నిబట్టే ఆ కాయ ఎన్నాళ్లు నిలుస్తుందో తేలుతుంది.

కణ శ్వాసక్రియ గురించి పదో తరగతిలో చదివి, పరీక్ష రాసి, మరిచిపోయినవాళ్లమే మనలో చాలామందిమి. దాని వేగాన్ని మార్చేవి ఏవంటే ఉష్ణోగ్రత, ఆక్సిజన్, నీరు, గాయాలు అని వరసగా అప్పజెప్పడం కష్టమేమీ కాదు. అయితే పండ్ల గోదాములోనో, ధాన్యపు రాశి దగ్గరో నిలబడి చూస్తేనే ఆ జాబితాకు అర్థం ఉంటుంది. అక్కడ ఆ వేగం మీదే రైతు డబ్బు ఆధారపడి ఉంటుంది.

ముందు లెక్క చూద్దాం. కణంలోని గ్లూకోజు ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడుగా, నీరుగా విడిపోతుంది. 180 గ్రాముల గ్లూకోజుకు 192 గ్రాముల ఆక్సిజన్ ఖర్చవుతుంది. 264 గ్రాముల కార్బన్ డయాక్సైడు, 108 గ్రాముల నీరు వస్తాయి. వీటితోపాటు దాదాపు 2,870 కిలోజౌళ్ల శక్తి విడుదలవుతుంది. అందులో మూడో వంతుకు అటూఇటుగా మాత్రమే కణానికి పనికొచ్చే రూపంలో చిక్కుతుంది. మిగతాది అప్పటికప్పుడే వేడిగా పోతుంది. చిక్కిన భాగం కూడా పని పూర్తయ్యాక చివరికి వేడిగానే తేలుతుంది.

ఇప్పుడు దీన్ని మామిడికి అన్వయించండి. 20 డిగ్రీల దగ్గర కిలో కాయలు గంటకు 100 మిల్లీగ్రాముల కార్బన్ డయాక్సైడు వదులుతాయనుకుందాం. పండే దశలో ఉన్న మామిడికి ఇది అతిశయోక్తి కాదు. అంటే టన్నుకు గంటకు 100 గ్రాములు. అంత రావాలంటే 68 గ్రాముల చక్కెర కరిగిపోవాలి. రోజుకు కిలోన్నర పైమాటే. వేడి లెక్కన చూస్తే టన్నుకు సుమారు 300 వాట్లు. పది టన్నుల లోడంటే మూడు కిలోవాట్ల హీటరు రాత్రంతా వెలుగుతున్నట్టే. ఇదంతా 20 డిగ్రీల దగ్గర. ఏప్రిల్ చివర్లో నూజివీడు వైపు 20 డిగ్రీలు ఎక్కడుంటాయి?

పండు గాలి పీల్చుకుంటుందన్న సంగతి తెలిసి రెండు వందల ఏళ్లయింది. 1821లో ఫ్రాన్సులోని మోంపెల్యే నగరంలో జాక్ ఎతియేన్ బెరార్ అనే రసాయన శాస్త్రవేత్త కోసిన పండ్లను మూసిన పాత్రల్లో ఉంచి లోపలి గాలిని పరీక్షించాడు. ఆక్సిజన్ తగ్గి కార్బన్ డయాక్సైడు పెరిగినట్టు కనిపెట్టాడు. ఆక్సిజన్ లేనిచోట కాయ పండదనీ చూపించాడు. ఈ పనికి ఫ్రెంచి శాస్త్ర అకాడమీ బహుమతి ఇచ్చింది. దాంతో వ్యాపారం చేయవచ్చన్న ఆలోచన మాత్రం మరో వందేళ్లదాకా ఎవరికీ పెద్దగా తట్టలేదు.

శ్వాస వేగాన్ని మార్చేవాటిలో అన్నిటికంటే బలమైనది ఉష్ణోగ్రత. రసాయన శాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి అందుకున్న డచ్చి శాస్త్రవేత్త వాంట్ హాఫ్ పేరు మీద ఒక మోటు సూత్రం ఉంది. వేడి పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్య వేగం రెండు మూడు రెట్లవుతుంది. శ్వాసక్రియ కూడా ఎంజైములు నడిపే రసాయన చర్యల వరసే కాబట్టి చాలా పండ్లూ కూరగాయలూ ఈ సూత్రానికి దగ్గరగానే నడుస్తాయి. 15 డిగ్రీల దగ్గర ఉన్న కాయను 35 డిగ్రీలకు తెస్తే దాని శ్వాస నాలుగు నుంచి ఆరేడు రెట్లు పెరుగుతుంది. చల్లటి గదిలో వారం పట్టే ముదురుదనం ఎండలో ఒకటి రెండు రోజుల్లోనే వచ్చేస్తుంది. పైగా ఇది తనను తాను ఎగదోసుకునే వ్యవహారం. వేడికి శ్వాస పెరుగుతుంది, పెరిగిన శ్వాస మరింత వేడిని పుట్టిస్తుంది. గాలి ఆడకుండా కుక్కిన లోడు మధ్యలో జరిగేది అదే.

అందుకే కోత వేళకు అంత విలువ. తెల్లవారుజామున కాయ గుజ్జు రోజు మొత్తంలో అన్నిటికంటే చల్లగా ఉంటుంది. మధ్యాహ్నం రెండింటికి కోసిన కాయ పొలంలోని వేడినంతా కడుపులో పెట్టుకుని బయల్దేరుతుంది. ఆ వేడిని చల్లటి గాలితోనో నీళ్లతోనో కొన్ని గంటల్లో లాగేయాలి. ఎగుమతి చేసేవాళ్లు కోల్డ్ స్టోరేజీకి ముందే ఈ పని ముగిస్తారు. అయితే పొద్దున కోతకూ ఒక చిక్కుంది. ఆ వేళకు చెట్టు నిండా నీరు పట్టి ఉంటుంది కాబట్టి తొడిమ విరగ్గానే సొన జోరుగా చిమ్ముతుంది. సొన పడిన చోట తొక్క మాడినట్టు నల్లబడుతుంది. తొడిమ కాస్త పొడవుగా వదిలి కోసి, తర్వాత తుంచి, కాయను బోర్లించి సొన కారిపోనిస్తే ఈ బాధ తప్పుతుంది. పని పెరుగుతుంది, కూలీ పెరుగుతుంది, నిజమే. ఖరీదైన బజారుకు వెళ్లే కాయకు అది గిట్టుబాటవుతుంది.

చల్లదనం మంచిదైతే ఇంకా చల్లబెడితే ఇంకా మంచిదా? మామిడి దగ్గర ఈ తర్కం బెడిసికొడుతుంది. పచ్చికాయను 12, 13 డిగ్రీల కంటే దిగువన ఎక్కువ రోజులు ఉంచితే తొక్క మీద బూడిదరంగు మచ్చలు వస్తాయి. బయటపెట్టాక సరిగ్గా పండదు, పండినా రుచి ఉండదు. అరటిపండును ఫ్రిజ్‌లో పెడితే తొక్క నల్లబడేదీ ఇందుకే. ఉష్ణదేశపు మొక్కల కణాల పొరలు ఆ చలికి బిగుసుకుపోతాయి. శ్వాసక్రియలోని మెట్లన్నీ ఒకే నిష్పత్తిలో మందగించవు కాబట్టి ఒక మెట్టు దగ్గర తయారైన పదార్థం తర్వాతి మెట్టు దాటలేక పోగుపడి విషమవుతుంది. అలా చలి దెబ్బ తిన్న కాయను మళ్లీ వెచ్చటి చోటికి తెస్తే దాని శ్వాస మామూలు స్థాయిని దాటి ఎగబాకుతుంది. ఆపిల్‌కు ఈ బాధ లేదు. చలిదేశపు చెట్టు, సున్నా దగ్గర కూడా నెలల తరబడి హాయిగా ఉంటుంది. బంగాళాదుంపది మరో తిక్క. నాలుగైదు డిగ్రీలకు దిగితే పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చేసుకుంటుంది. అలాంటి దుంపను వేయిస్తే చిప్స్ నల్లగా మాడతాయి. చిప్స్ కోసం కొనే దుంపల్ని అంతకంటే వెచ్చగా, పది డిగ్రీల దగ్గర దాచేది అందుకే.

ఉష్ణోగ్రత సూత్రాన్ని తలకిందులు చేసిన పువ్వు ఒకటి మన చెరువుల్లోనే ఉంది. తామర విచ్చుకునే రెండు మూడు రోజులపాటు పువ్వు నడిబొడ్డును 30 డిగ్రీలకు పైనే వెచ్చగా నిలుపుకుంటుందని రోజర్ సేమూర్, పాల్ షుల్ట్జ్-మోటెల్ అనే పరిశోధకులు ఆస్ట్రేలియాలోని అడిలైడ్ ఉద్యానంలో కొలిచి 1996లో ప్రకటించారు. బయట పది డిగ్రీలకు పడిపోయినా సరే లోపల అంతే వెచ్చదనం. అంటే చలి పెరిగేకొద్దీ తామర శ్వాస తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. పరాగం మోసే పురుగులకు వెచ్చటి బస ఇవ్వడానికే ఈ ఖర్చని ఊహ. నిల్వ దండిగా ఉంది కాబట్టి తామరకు ఈ దర్జా చెల్లింది.

ఆక్సిజన్ సంగతి ఇంకొంచెం మెలికగా ఉంటుంది. గాలిలో అది 21 శాతం. సగానికి తగ్గిస్తే శ్వాస కూడా సగమవుతుందనుకుంటాం. కాదు. కణంలో శ్వాసక్రియ నడిచే మైటోకాండ్రియాలో ఆక్సిజన్‌ను అందుకునే చివరి ఎంజైము మహా పట్టుదల గలది. కొద్దిపాటి ఆక్సిజన్‌తోనే దాదాపు పూర్తి వేగంతో పనిచేస్తుంది. కాబట్టి చుట్టూ ఉన్న గాలిలో ఆక్సిజన్ పది శాతానికి తగ్గినా పండుకు పెద్దగా పట్టదు. ఇంకా దిగి రెండు మూడు శాతానికి వచ్చినప్పుడే శ్వాస గట్టిగా మందగిస్తుంది.

దీన్ని పండ్ల నిల్వకు పనికొచ్చేలా మలిచినవాళ్లు కేంబ్రిడ్జిలో పనిచేసిన ఫ్రాంక్లిన్ కిడ్, సిరిల్ వెస్ట్. 1920లలో వాళ్లు ఆపిల్ పండ్లను గాలి చొరని గదుల్లో పెట్టారు. యంత్రాలేమీ అక్కర్లేదు. పండ్లు శ్వాసిస్తూ గదిలోని ఆక్సిజన్‌ను తామే తగ్గించాయి, కార్బన్ డయాక్సైడును తామే పెంచాయి. ఆ పెరిగిన కార్బన్ డయాక్సైడు కూడా శ్వాసను అణచింది. వాళ్లు చేసిందల్లా లోపలికి ఎంత గాలి వదలాలో చూసుకోవడమే. 1929 నాటికి ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో ఈ పద్ధతిలో వ్యాపార గిడ్డంగి నడిచింది. ఇవాళ సిమ్లా కొండల్లోనూ అలాంటి గదులున్నాయి. సెప్టెంబరులో కోసిన ఆపిల్ మరుసటి వేసవిలో హైదరాబాదు బండి మీద కరకరలాడుతోందంటే దాన్ని ఇన్నాళ్లూ అర్ధనిద్రలో ఉంచినందువల్లే. మైనం వల్ల కాదు.

అదే కాలంలో కేంబ్రిడ్జిలోనే ఎఫ్.ఎఫ్. బ్లాక్‌మన్ అనే ఆచార్యుడి దగ్గర మన పొరుగు రాష్ట్రం ఒడిశాకు చెందిన ప్రాణకృష్ణ పరిజా ఆపిల్ శ్వాసను ఓపిగ్గా కొలిచాడు. ఇద్దరూ కలిసి 1928లో ప్రచురించిన పరిశోధనలు ఈ రంగానికి పునాదుల్లాంటివి. పరిజా తర్వాత ఉత్కళ విశ్వవిద్యాలయానికి మొదటి ఉపకులపతి అయ్యాడు. ఆ పని గురించి మన పాఠాల్లో ఎక్కడా వినిపించకపోవడం నాకు లోటుగానే అనిపిస్తుంది.

ఆక్సిజన్‌ను అంతకంటే కిందికి దించితే? ఒక శాతం దిగువకు వెళ్లేసరికి మైటోకాండ్రియా నిస్సహాయమవుతుంది. కణం చావదు. ఆక్సిజన్ అక్కర్లేని పాత దారి పడుతుంది. చక్కెరను సగంలోనే విరిచి ఆల్కహాలుగా వదిలేస్తుంది. మామూలు శ్వాసలో ఒక గ్లూకోజు అణువుకు శక్తిని మోసే ఏటీపీ అణువులు ముప్ఫై దాకా తయారైతే ఈ దారిలో రెండే. అవసరం మాత్రం తగ్గలేదు కదా, అందుకని చక్కెర మరింత జోరుగా ఖర్చవుతుంది. ఊపిరాడని ఈస్టు ఊపిరాడే ఈస్టు కంటే ఎక్కువ చక్కెర తింటుందని పందొమ్మిదో శతాబ్దంలోనే లూయీ పాశ్చర్ గమనించిన వింత ఇదే. నిల్వ గదిలో ఆక్సిజన్ తగ్గించుకుంటూ పోతే కార్బన్ డయాక్సైడు మొదట తగ్గుతుంది, ఒక అంచు దాటాక మళ్లీ పెరుగుతుంది. గిడ్డంగి నడిపేవాడి నేర్పంతా ఆ అంచుకు ఎగువనే ఆగడంలో ఉంది. ఇంట్లో మనం ఆ అంచు దాటిస్తూనే ఉంటాం. పాలిథిన్ కవరుకు ముడేసి రెండు రోజులు మరిచిపోయిన జామకాయల్ని విప్పితే ముక్కుకు తగిలే పులిసిన వాసన అదే.

మన పాతకాలపు పాతరలు కూడా ఈ సూత్రం మీదే నడిచాయి. నేలలో గొయ్యి తవ్వి, జొన్నలు పోసి, గడ్డి పరిచి, మట్టితో మూసేసేవారు. గింజలూ, వాటిలో దూరిన పురుగులూ శ్వాసించి లోపలి ఆక్సిజన్‌ను ఊడ్చేసేవి. పురుగు చచ్చేది, ఎండిన గింజ నిలిచేది. మూత తీసిన వెంటనే అందులోకి దిగకూడదనీ, గాలి ఆడనిచ్చి దిగాలనీ పెద్దవాళ్లు హెచ్చరించేది ఊరికే కాదు. గాలికంటే బరువైన కార్బన్ డయాక్సైడు అడుగున కూర్చుని ఉంటుంది. అందులోకి దిగిన మనిషికి ఆక్సిజన్ దొరకదు.

ఇప్పటిదాకా చెప్పినవి బయటి పరిస్థితులు. కాయ లోపలి నుంచి వచ్చే ఆజ్ఞ ఒకటుంది. కిడ్, వెస్ట్‌లు ఆపిల్ శ్వాసను రోజూ కొలుస్తూ పోతే అది మొదట నెమ్మదిగా తగ్గింది. పండే సమయం రాగానే ఉన్నట్టుండి పైకెగసి, ఒక శిఖరం చేరి, తర్వాత దిగిపోయింది. ఆ ఎగసిన రోజుల్లోనే రంగు మారడం, మెత్తబడడం, వాసన రావడం అన్నీ జరిగాయి. ఆ ఆజ్ఞ ఇచ్చేది ఇథిలీన్ అనే వాయువు. పండే పండే దాన్ని తయారుచేస్తుందని 1934లో ఆర్. గేన్ నిరూపించాడు. ఇథిలీన్ తగిలిన కాయ తానూ ఇథిలీన్ విడుదల చేయడం మొదలుపెడుతుంది. బుట్టలో ఒకటి పండితే మిగతావి దాని వెంట పరుగెత్తేది అందుకే. మామిడిని వరిగడ్డిలో మాగబెట్టినప్పుడు గడ్డి చేసే పని రెండు విధాలుగా ఉంటుంది. కాయలు వదిలిన ఇథిలీన్‌ను చెదిరిపోకుండా పట్టి ఉంచుతుంది. కాయల శ్వాసలోంచి వచ్చిన వేడినీ పట్టి ఉంచుతుంది.

ఈ ఓపిక లేని వ్యాపారి కార్బైడ్ పొట్లం పెడతాడు. తేమ తగిలి అందులోంచి వచ్చే ఎసిటిలీన్ కూడా ఇథిలీన్ పనే చేస్తుంది, కాకపోతే బలహీనంగా. అసలు భయం దానిది కాదు. బజారు కార్బైడ్‌లో ఆర్సెనిక్, భాస్వరం కల్తీ ఉంటాయి. పండ్లు మాగబెట్టడానికి దాన్ని వాడడం మన దేశంలో నిషేధం. దానికి బదులు ఇథిలీన్ వాయువునే గాలిలో పది లక్షల భాగాలకు వంద భాగాలు మించకుండా వాడుకోవచ్చని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ అనుమతించింది. ఇథిలీన్ గది అనగానే మందు కొట్టారని ముఖం చిట్లించనక్కర్లేదు. కాయ తనంతట తాను తయారుచేసుకునే వాయువే అది. అయితే ఏ వాయువైనా ముదిరిన కాయకే పనికొస్తుంది. లేతకాయలో మారడానికి పిండిపదార్థమే చాలినంత ఉండదు. పైకి పసుపు రంగు వస్తుంది, లోపల చప్పగా ఉంటుంది. ముందుగా బజారుకు తెస్తే ధర పలుకుతుందన్న ఆశే ఈ మోసానికి మూలం.

అన్ని పండ్లూ ఇలా ఎగసి పండవు. అరటి, బొప్పాయి, సపోటా, సీతాఫలం, టమాటా మామిడి దారిలో నడుస్తాయి. ద్రాక్ష, బత్తాయి, దానిమ్మ, నిమ్మ నడవవు. తెగిన రోజు నుంచి వాటి శ్వాస తగ్గుతూనే పోతుంది. పుల్లటి ద్రాక్ష గుత్తిని కొని తెచ్చి గడ్డిలో పెట్టినా తీయనవ్వదు.

గింజల దగ్గరికి వస్తే మాట మారుతుంది. అక్కడ రాజ్యం తేమది. బాగా ఎండిన వడ్లగింజలో ఎంజైములున్నాయి, పిండి ఉంది, చుట్టూ ఆక్సిజన్ ఉంది, వేడి ఉంది. అయినా శ్వాస కొలతకు అందనంత తక్కువ. అణువులు కదలడానికి నీళ్లు లేవు. తేమ 14 శాతం దాటాక శ్వాస నిటారుగా పెరగడం మొదలవుతుంది. కొనుగోలు కేంద్రంలో 17 శాతం దాకా తీసుకుంటారు, అది కొనుగోలుకు గీసిన గీత. నెలల తరబడి నిల్వకు 14 కూడా ఎక్కువే. విత్తనమైతే ఇంకా దిగాలి. విత్తన శాస్త్రంలో హ్యారింగ్టన్ అనే అమెరికన్ పేరు మీద ఒక సూత్రం ఉంది. గింజలో తేమ ఒక శాతం తగ్గిస్తే దాని ఆయువు రెట్టింపవుతుంది. వేడి అయిదారు డిగ్రీలు తగ్గించినా అంతే.

అకాల వర్షానికి తడిసిన ధాన్యం రాశి లోపల పొగలు కక్కేంత వేడెక్కడం చూసే ఉంటారు. గింజ శ్వాసతోపాటు బూజు శ్వాస కూడా అందులో కలుస్తుంది, నిజానికి బూజుదే పెద్ద వాటా. పైగా శ్వాసక్రియ నీటిని కూడా పుట్టిస్తుందని మొదట చెప్పుకున్నాం కదా. తడిసిన రాశి తన శ్వాసతో తనను మరింత తడుపుకుంటుంది. టార్పాలిన్ కప్పడం వాననుంచి కాపాడుతుంది గానీ తడిసిన తర్వాత కప్పి ఉంచితే ఆ వేడీ తేమా రెండూ లోపలే ఉండిపోతాయి. తెరిపివ్వగానే పట్టా తీసి, రాశిని విరిచి, పలచగా ఆరబోయడమే దారి.

ఇన్ని చెప్పాక కూడా ఒక ప్రశ్న మిగులుతుంది. ఒకే గదిలో, ఒకే వేడిలో, అదే గాలిలో బెండకాయనూ ఉల్లిగడ్డనూ పెట్టండి. బెండకాయ ఉల్లిగడ్డ కంటే ఎన్నో రెట్లు వేగంగా శ్వాసిస్తుంది. మూడో రోజుకు వాడి పీచవుతుంది. ఉల్లిగడ్డ నెలలు నిలుస్తుంది. ఎందుకు? చక్కెర ఉల్లిలోనే ఎక్కువ ఉంది. ఆక్సిజన్ రెండింటికీ అంతే అందుతోంది.

జవాబు కోసం భీమవరంలో 1895లో పుట్టిన మనిషి దగ్గరికి వెళ్లాలి. ఎల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డు వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి కండరంలోని భాస్వర సమ్మేళనాల వెంటపడ్డాడు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని వాళ్లు ప్రకటించారు. ఏటీపీని అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుగొన్నాడు. కణం పనికి వాడుకునే శక్తిలో చాలాభాగం ఈ ఏటీపీ రూపంలోనే చేతులు మారుతుంది. పని జరిగినప్పుడు ఏటీపీ విరిగి ఏడీపీ అవుతుంది. శ్వాసక్రియ ఆ ఏడీపీని మళ్లీ ఏటీపీగా నింపుతుంది. గోలీసోడా కొట్టువాడి దగ్గర గ్యాసుంది, నీళ్లున్నాయి, మిషనుంది. తాగినవాళ్లు ఖాళీ సీసాలు తిరిగివ్వకపోతే మిషను ఆగిపోవాల్సిందే. ఏడీపీ ఆ ఖాళీ సీసా.

ఇది ఊహ కాదు. 1955లో బ్రిటన్ చాన్స్, విలియమ్స్ అనే పరిశోధకులు విడదీసిన మైటోకాండ్రియాల మీద దీన్ని కొలిచి చూపించారు. ఇంధనమూ ఆక్సిజనూ పుష్కలంగా ఇచ్చినా ఏడీపీ లేకపోతే శ్వాస మందంగా సాగింది. చిటికెడు ఏడీపీ వేయగానే ఎగసింది. అది అయిపోగానే మళ్లీ తగ్గింది. కారణాన్ని 1961లో పీటర్ మిచెల్ అనే శాస్త్రవేత్త వివరించాడు. శ్వాసక్రియ మైటోకాండ్రియా లోపలి పొరకు ఒక పక్కకు ప్రోటాన్లను తోడిపోస్తుంది. అవి తిరిగి వచ్చే దారి ఏటీపీ తయారీ యంత్రం గుండానే. ఏడీపీ లేక ఆ యంత్రం ఆగితే అవతలి పక్క ప్రోటాన్లు నిండిపోయి తోడే పని కూడా మందగిస్తుంది. మిచెల్‌ను మొదట చాలామంది నమ్మలేదు. 1978లో నోబెల్ ఇచ్చారు.

ఆ పొరకు చిల్లు పెడితే ఏమవుతుందో మనుషుల మీదే తెలిసింది. డైనైట్రోఫినాల్ అనే రసాయనం ప్రోటాన్లను అడ్డదారిన లోపలికి చేరవేస్తుంది. ఏటీపీ తయారు కాదు, శ్వాస మాత్రం కట్టు తెగి పరుగెడుతుంది, శక్తి అంతా వేడిగా పోతుంది. 1933లో అమెరికాలో స్టాన్‌ఫోర్డు వైద్యులు దీన్ని లావు తగ్గించే మందుగా ప్రకటించారు. జనం ఎగబడ్డారు. కొందరికి చూపు పోయింది. కొందరు ఒంట్లో వేడి అదుపు తప్పి చనిపోయారు. 1938కల్లా అక్కడి ప్రభుత్వం దాన్ని మనుషులకు పనికిరానిదని తేల్చేసింది. ఇప్పటికీ బరువు తగ్గించే మాత్రలంటూ ఇంటర్నెట్‌లో దొంగచాటుగా అమ్ముతూనే ఉన్నారు. దాని జోలికి పోకండి.

ఇక బెండకాయ దగ్గరికి వద్దాం. అది పెరుగుతూ ఉండగానే కోసేసిన లేతకాయ. కోసిన తర్వాత కూడా దాని కణాలు ఎదుగుదల పనులన్నీ మానవు. కొత్త ప్రోటీన్లు, కొత్త గోడలు, అన్నిటికీ ఏటీపీ ఖర్చవుతుంది. ఖర్చు ఎక్కువ కాబట్టి శ్వాస ఎక్కువ. ఉల్లిగడ్డ పెరుగుదల ముగించి వచ్చే కాలం కోసం నిద్రపోతున్న గడ్డ. దానికి పెద్ద ఖర్చుల్లేవు. మామిడి పండేటప్పుడు శ్వాస ఎగసేది కూడా ఆ రోజుల్లో కణాలకు పని ఎక్కువ కాబట్టే. గాయం కథా ఇంతే. పెట్టె అంచు గీసుకున్న చోట, దోటి దెబ్బకు నేలరాలి కమిలిన చోట కణాలు మరమ్మతుకు దిగుతాయి. శ్వాస పెరుగుతుంది, దాంతోపాటు గాయం ఇథిలీన్‌నూ పుట్టిస్తుంది. కోసి ముక్కలు చేసిన కూరగాయల పొట్లాన్ని సూపర్‌మార్కెట్‌లో అంత చల్లగా ఉంచేది అందుకే. ఒక్కో ముక్కా అన్ని వైపులా గాయమే.

శ్వాస వేగం గురించి చెప్పేటప్పుడు మనం ఇంధనం, ఆక్సిజన్ అంటూ సరఫరా వైపే చూస్తాం. బతికున్న కణంలో పగ్గం ఎక్కువగా గిరాకీ చేతిలో ఉంటుంది. ఎంత పని ఉంటే అంత శ్వాస. చల్లటి గది నిజంగా చేసే మేలు కూడా ఇదే. శ్వాసను పీక నొక్కి ఆపడం కాదు, కాయ చేయదలచిన పనులన్నిటినీ ఒక్కసారిగా నెమ్మదింపజేయడం. పీక నొక్కితే ఏమవుతుందో ముడేసిన కవరులోని జామకాయలు చెబుతాయి.

ఇవన్నీ తెలిశాక కూడా రైతు చేతిలో ఉన్నవి తక్కువే. ఆక్సిజన్ తగ్గించే గదులు అతనికి అందవు, ఇథిలీన్ గది అతనిది కాదు. అతని చేతిలో ఉన్నది కోసే వేళ, కాయను దించే తీరు, దించిన కాయ లారీ ఎక్కేదాకా గడిపే చోటు. ఎండలో కుప్పపోసి, మధ్యాహ్నమంతా వేలం కోసం ఎదురుచూసిన కాయలో పోయిన చక్కెరను ఆ తర్వాత ఏ కోల్డ్ స్టోరేజీ తిరిగి పెట్టలేదు. కోట్లు పోసి శీతల గిడ్డంగులు కట్టే ముందు ప్రతి మార్కెట్ యార్డులోనూ కాయలు దించే చోట గాలి ఆడే మంచి షెడ్డు ఒకటి వేయాలి. అది చవక, ఈ సీజనుకే వేయవచ్చు. కొనుక్కునేవాళ్లకు నేను చెప్పేది ఇంకా చిన్నది. పచ్చి మామిడిని ఫ్రిజ్‌లో పెట్టకండి. బయట పండనిచ్చి, పండాక పెట్టుకోండి.